గడువు లేని చట్టం

2015 ఏప్రిల్ 1 అర్ధరాత్రి సూర్యాపేట హైటెక్ బస్టాండులో బస్సులు తనిఖీ చేస్తున్న పోలీసుల మీద ఇద్దరు కాల్పులు జరిపారు. కానిస్టేబుల్ లింగయ్య, హోంగార్డు మహేశ్ ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఏప్రిల్ 4న జానకీపురం దగ్గర ఆ ఇద్దరూ పోలీసు కాల్పుల్లో హతమయ్యారు. ఆ రోజే కానిస్టేబుల్ నాగరాజు చనిపోయారు. గాయపడిన ఎస్సై సిద్ధయ్య 7వ తేదీన ఆస్పత్రిలో కన్నుమూశారు. కాల్చినవాళ్లు మధ్యప్రదేశ్‌లోని ఖండ్వా జైలు నుంచి 2013లో పారిపోయిన, నిషేధిత సంస్థ సిమి మనుషులని తేలింది. ఆ వారం మా జిల్లాలో పనిచేసిన నలుగురు పోలీసుల ఇళ్లలో ఏడుపులు వినిపించాయి. నేను చెప్పబోయే దాంట్లో ఏ ఒక్క మాటా ఆ ఏడుపులను తక్కువ చేసేది కాదు.

అదే నెలలో కోదాడ నుంచి ఒక ముస్లిం మెకానిక్ నడిగూడెంలోని మా ఇంటికి వచ్చాడు. నా స్కూటీ ఎప్పుడు మొరాయించినా బాగుచేసేది అతనే. నేను కోదాడ కోర్టులో ప్రాక్టీసు చేస్తానని తెలుసు. "అక్కా, ఓనరు ఇల్లు ఖాళీ చెయ్యమంటుండు. కిరాయి ఒక్క నెల బాకీ లేను. ఎందుకు సేటూ అంటే నోరు విప్పడు" అన్నాడు. ఎందుకో అతనికీ తెలుసు, నాకూ తెలుసు. ఆ ఇంటాయనతో మాట్లాడటానికి వెళ్లాను. ఆయన చెడ్డవాడు కాడు. ఏటా పీర్లకు దట్టీ కట్టించే మనిషి. "కిరాయికున్నోళ్ల కాయితాలు అడుగుతున్నరంట మేడం. రేపు ఏదన్నా అయితే నా పేరు కూడా కేసుల రాస్తరంట. నాకెందుకీ పంచాది?" అన్నాడు. నా మాట మీద మరికొన్నాళ్లు గడువిచ్చాడు. ఆ గడువు తీరకముందే మెకానిక్ తనంత తానే పెళ్లాం పిల్లల్ని తీసుకుని అత్తగారి ఊరికి వెళ్లిపోయాడు.

అతని మీద ఏ కేసూ లేదు. ఏ ఠాణాకూ పిలవలేదు. ఇల్లు ఖాళీ చేయించమని చెప్పే సెక్షను ఏ చట్టంలోనూ లేదు. అయినా ఒక చట్టం ఆ గుమ్మం దాకా వచ్చి పని చేసి పోయింది. ఉగ్రవాద నిరోధక చట్టాల గురించి పత్రికల్లో రాసేటప్పుడు అరెస్టులు, శిక్షలు లెక్కపెడతాం. ఈ ఖాళీ అయిన ఇల్లు ఆ లెక్కలోకి రాదు.

"దేశం కోసం గట్టి చట్టం ఉంటే తప్పేముంది?" అని చుట్టాలు నన్ను తరచూ అడుగుతారు. చట్టం గట్టిదా మెత్తదా అన్నది తర్వాత చూద్దాం. ముందు అది ఎప్పుడు పోతుందో అడగండి అంటాను నేను. ఎందుకంటే ఇలాంటి చట్టాలు చాలావరకు పుట్టేటప్పుడు "కొన్నాళ్లకే" అని మాటిచ్చి పుట్టాయి.

మా ఊరి వాళ్లకు ఈ సంగతి అర్థం కావడం కష్టం కాదు. నడిగూడెం మునగాల పరగణాలోది. చుట్టూ నిజాం రాజ్యం, మధ్యలో మాది మాత్రం మద్రాసు ప్రెసిడెన్సీలోని కృష్ణా జిల్లా.  పొలిమేర దాటితే చట్టం మారిపోయేది. అటువైపు నిజాం సర్కారు గష్తీ నిశాన్ 53 ఉండేది, సభ పెట్టుకోవాలంటే ముందుగా అనుమతి కావాలి. ఇటువైపు తెల్లవాళ్ల చట్టాలు. మొదటి ప్రపంచ యుద్ధం కోసమని 1915లో డిఫెన్స్ ఆఫ్ ఇండియా చట్టం తెచ్చారు. యుద్ధం అయిపోయింది. చేతికి అలవాటైన అధికారాన్ని వదులుకోలేక 1919లో రౌలట్ చట్టం చేశారు. జలియన్‌వాలాబాగ్ దాని వెంటే వచ్చింది.

స్వాతంత్ర్యం వచ్చాక ఈ అలవాటు పోతుందనుకున్నాం. 1948 పోలీసు చర్య తర్వాత హైదరాబాదు రాష్ట్రంలో ప్రత్యేక ట్రిబ్యునళ్లు పెట్టారు. సాయుధ పోరాటంలో పాల్గొన్నారని 12 మంది తెలంగాణ రైతులకు మరణశిక్షలు పడ్డాయి. దేశంలోనే కాదు, విదేశాల్లోనూ ఆందోళన లేచింది. ఇంగ్లండు నుంచి డి.ఎన్. ప్రిట్ అనే పెద్ద లాయరు వారి తరఫున వాదించడానికి వచ్చాడు. చివరికి అవి యావజ్జీవ శిక్షలుగా మారాయి. ఆ 12 మందిలో కడవెండి నల్లా నర్సింహులు ఒకరు. మా సీనియర్లు ఈ కథ చెబుతూ ఒకటి నొక్కి చెప్పేవారు: మామూలు కోర్టు ఉండగా ప్రత్యేక కోర్టు ఎందుకు అని ముందే అడగాలి, ఉరితాడు చూశాక కాదు.

1950లో పార్లమెంటు ప్రివెంటివ్ డిటెన్షన్ చట్టం చేసింది. విచారణ లేకుండానే మనిషిని జైల్లో పెట్టే చట్టం. ఒక్క ఏడాదికే అన్నారు. పొడిగిస్తూ పొడిగిస్తూ 1969 చివరిదాకా నడిపారు. 1971లో మీసా వచ్చింది, ఎమర్జెన్సీలో దాన్ని ఎలా వాడారో పెద్దవాళ్లకు గుర్తుంటుంది. 1978లో అది పోయింది, 1980లో జాతీయ భద్రతా చట్టం వచ్చి కూర్చుంది. నాటి మన ఆంధ్రప్రదేశ్‌కు కల్లోలిత ప్రాంతాల చట్టం అదనం. శ్రీకాకుళం ఏజెన్సీలో వాడారు, 1978లో సిరిసిల్ల, జగిత్యాల తాలూకాల్లో వాడారు.

టాడా 1985లో వచ్చింది, ఇందిరాగాంధీ హత్య జరిగి పంజాబ్ అట్టుడుకుతున్న కాలంలో. రెండేళ్లకే అన్నారు. పదేళ్లుంది. పోలీసు అధికారి ముందు ఇచ్చిన వాంగ్మూలాన్ని సాక్ష్యంగా తీసుకోవచ్చన్నది అందులోని అసలు కోర. మామూలు చట్టంలో అది చెల్లదు, ఎందుకు చెల్లదో ఠాణా గోడలకు తెలుసు. పంజాబ్ సిక్కుల పేరుతో పుట్టిన చట్టం ఆంధ్రప్రదేశ్‌లో నక్సలైట్ల పేరుతో రైతుల మీదికి, దళితుల మీదికి వచ్చింది. ఉగ్రవాదం పెద్దగా లేని గుజరాత్‌లో 19 వేల మందికి పైగా దాని కింద అరెస్టయ్యారు. దేశం మొత్తం మీద ఆ సంఖ్య 70 వేలు దాటింది, శిక్ష పడినవాళ్లు నూటికి ఇద్దరు కూడా లేరు. 1995లో జాతీయ మానవ హక్కుల కమిషన్ ఛైర్మన్ జస్టిస్ రంగనాథ్ మిశ్రా పార్లమెంటు సభ్యులకు ఉత్తరం రాశారు, దీన్ని ఇక పొడిగించవద్దని. ఆ ఏడాది మే నెలలో టాడా గడువు తీరి పోయింది.

దీన్ని ఇంత వివరంగా చెప్పడానికి కారణముంది. టాడాను ఏ కోర్టూ కొట్టేయలేదు. 1994లో కర్తార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అది రాజ్యాంగబద్ధమే అంది. అది పోయింది గడువు వల్ల. రెండేళ్లకోసారి ఎవరో ఒకరు పార్లమెంటులో లేచి "ఇంకా కావాలి" అని అడగాలి, ఎందుకో చెప్పాలి, ఎంతమందిని పట్టుకున్నారు, ఎందరికి శిక్ష పడింది అన్న ప్రశ్నలకు జవాబివ్వాలి. 1995లో ఆ జవాబు చెప్పుకోలేకపోయారు. తర్వాత 2002లో వచ్చిన పోటాకు మూడేళ్ల గడువు పెట్టారు. అది తీరకముందే 2004 సెప్టెంబరు 21న రద్దు చేశారు. అందరం సంతోషించాం. కానీ అదే రోజు ఇంకో ఆర్డినెన్సు కూడా వచ్చింది. 1967 నాటి చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం, అంటే ఇప్పుడు అందరం ఉపా అంటున్నది, దానిలోకి పోటాలోని ఉగ్రవాద అధ్యాయాన్ని ఎత్తి పెట్టారు. పోలీసు ముందు వాంగ్మూలం చెల్లుతుందన్న నిబంధనను వదిలేశారు, అది నిజంగా మేలే. దానితోపాటు ఇంకొకటి వదిలేశారు: గడువు. ఉపాకు ముగింపు తేదీ లేదు. ఇక ఎవరూ పార్లమెంటులో లేచి అడగనక్కర్లేదు, ఎవరూ జవాబు చెప్పనక్కర్లేదు.

2008 నవంబరులో ముంబయి మీద దాడి జరిగింది. మూడు వారాల్లో ఉపాకు కొత్త కోరలు వచ్చాయి. మామూలు కేసులో పోలీసులు 60 రోజుల్లో, నేరం పెద్దదైతే 90 రోజుల్లో ఛార్జిషీటు వేయాలి. వేయకపోతే బెయిలు మన హక్కు. ఉపాలో కోర్టు ఒప్పుకుంటే 180 రోజులు. అంతకంటే బరువైనది 43డి(5). కేసు డైరీ, ఛార్జిషీటు చూసి ఆరోపణ పైకి నిజమే అనిపిస్తే జడ్జి బెయిలు ఇవ్వకూడదు. ఆ కాగితాలు రాసేది ఎవరు? పోలీసులే. 2019 ఏప్రిల్‌లో వటాలీ కేసులో సుప్రీంకోర్టు, బెయిలు దశలో ఆ సాక్ష్యాన్ని లోతుగా తరచి చూడరాదు అంది. మామూలు హత్య కేసులో నేను లేచి "యువరానర్, ఈ సాక్షి అబద్ధమాడుతున్నాడు" అని వాదించగలను. ఇక్కడ ఆ వాదన విచారణ దాకా ఆగాలి, విచారణకు ఏళ్లు పడుతుంది. 2021లో నజీబ్ కేసులో అదే సుప్రీంకోర్టు, విచారణ మరీ సాగిపోతే రాజ్యాంగం ఇచ్చిన స్వేచ్ఛ ఈ సెక్షను కంటే పెద్దది అని చెప్పి కొంత ఊపిరి ఇచ్చింది. అయితే ఆ ఊపిరి అందాలంటే ముందు ఏళ్లు జైల్లో గడవాలి.

కేంద్ర హోంశాఖ పార్లమెంటుకు చెప్పిన లెక్క ఒకటుంది. 2016 నుంచి 2020 దాకా ఉపా కింద కేసులు పెట్టింది 24,134 మంది మీద. ఆ అయిదేళ్లలో శిక్ష పడింది 212 మందికి, నిర్దోషులుగా బయటపడింది 386 మంది. మిగతా 23 వేల చిల్లర మనుషులు ఏ ఒడ్డుకూ చేరలేదు. వాళ్లు దోషులో కాదో ఎవరికీ తెలియదు, శిక్ష మాత్రం నడుస్తూనే ఉంటుంది.

ఈ దారి మనం ఒక్కరమే నడిచింది కాదు. 1974 నవంబరులో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ పబ్బుల్లో బాంబులు పేలి 21 మంది చనిపోయారు. ఎనిమిది రోజుల్లో చట్టం చేశారు. పేరులోనే "తాత్కాలిక నిబంధనలు" అని రాసుకున్నారు. అది రూపాలు మార్చుకుంటూ పాతికేళ్లు నడిచి, 2000లో శాశ్వత చట్టంగా స్థిరపడింది. ఆ పేలుళ్లకు పట్టుకున్న ఆరుగురు ఐరిష్ మనుషులు 16 ఏళ్లు జైల్లో మగ్గాక, 1991లో వాళ్ల శిక్షలు చెల్లవని కోర్టు తేల్చింది. ఆ ఏళ్లన్నీ లండన్‌లో ఐరిష్ యాసతో మాట్లాడితే చాలు, పక్కింటివాళ్ల చూపు మారేది. మన కోదాడ ఇంటాయనకు ఆ పక్కింటివాళ్లు దూరపు చుట్టాలే.

ఇక హైదరాబాదుకు వద్దాం.

2007 మే 18 శుక్రవారం మక్కా మసీదులో నమాజు వేళ బాంబు పేలింది. పేలుడులో 9 మంది, ఆ తర్వాత పోలీసు కాల్పుల్లో 5 మంది చనిపోయారు. చనిపోయిన వాళ్లు నమాజుకు వచ్చినవాళ్లు. ఆగస్టు 25న లుంబినీ పార్కు, గోకుల్ చాట్‌లలో మరో 42 మంది పోయారు. ఆ నెలల్లో పాతబస్తీ నుంచి ముస్లిం యువకులను పదులకొద్దీ ఎత్తుకుపోయారు. కొందరిని రోజుల తరబడి ఎక్కడ పెట్టారో ఇంట్లోవాళ్లకు తెలియదు. రాష్ట్ర మైనారిటీ కమిషన్ న్యాయవాది ఎల్. రవిచందర్‌ను విచారణకు నియమించింది. ఆయన జైలుకు వెళ్లి వాళ్లతో మాట్లాడి, ఒంటి మీద దెబ్బలు చూసి, కరెంటు షాకులతో సహా చిత్రహింసలు పెట్టారని నివేదిక ఇచ్చారు.

ఇక్కడ పాఠకులు ఒకటి గమనించాలి. 2007లో టాడా లేదు, పోటా లేదు, ఉపాకు 2008 నాటి కోరలు ఇంకా రాలేదు. అయినా అదంతా జరిగింది. ఇరవై ఏళ్లు ప్రత్యేక చట్టాలతో పనిచేసిన వ్యవస్థకు అవి కాగితం మీద ఉన్నా లేకున్నా అలాగే పనిచేయడం అలవాటైపోయింది. రద్దు చేయగలిగింది చట్టాన్నే. ఎవరిని ముందు పట్టుకోవాలి, ఎవరి అమ్మకు జవాబు చెప్పనక్కర్లేదు అన్న అలవాటును ఏ ఆర్డినెన్సూ రద్దు చేయలేదు.

కుట్ర కేసులు ఎదుర్కొన్నవాళ్లను కోర్టులు నిర్దోషులుగా వదిలేశాయి. 2011 చివర్లో కిరణ్‌కుమార్ రెడ్డి ప్రభుత్వం 70 మందికి 70 లక్షల పరిహారం ప్రకటించింది. నిర్దోషులుగా విడుదలైన 20 మందికి 3 లక్షల చొప్పున, పట్టుకుని ప్రశ్నించి వదిలేసిన 50 మందికి 20 వేల చొప్పున. దాంతోపాటు వీళ్ల నడవడి మంచిదని సర్టిఫికెట్లు కూడా ఇచ్చింది. నాకు తెలిసినంతలో మన రాష్ట్రంలో ప్రభుత్వం ఇలా తన తప్పు ఒప్పుకున్నది అరుదు. 20 వేల రూపాయలు తక్కువే, కానీ ఆ సర్టిఫికెట్టు జేబులో పెట్టుకుని ఉద్యోగానికి, పెళ్లి సంబంధానికి వెళ్లవచ్చు. 2013లో హైకోర్టు ఆ పరిహారం చెల్లదని కొట్టేసింది. అప్పటికే పేలుడు కేసు చేతులు మారి ఎన్‌ఐఏకు వెళ్లింది, ఆ సంస్థ స్వామి అసీమానంద్ తదితరులను నిందితులుగా చూపింది. 2018 ఏప్రిల్ 16న నాంపల్లి ప్రత్యేక కోర్టు, విచారణ ఎదుర్కొన్న అయిదుగురినీ సాక్ష్యం లేదని వదిలేసింది. మొదట పట్టుకున్నవాళ్లు కాదు, తర్వాత పట్టుకున్నవాళ్లూ కాదు. మసీదులో చనిపోయినవాళ్ల ఇళ్లకు ఇంతవరకు న్యాయం రాలేదు. అందుకే అంటాను, తప్పు మనిషిని పట్టుకోవడమంటే బాధితుడికి కూడా ద్రోహం చేయడమే. హడావుడిలో మొదటి ఏడాది పోతే, అసలు సాక్ష్యం కూడా దానితోనే పోతుంది.

మళ్లీ 2015 ఏప్రిల్ 7. ఎస్సై సిద్ధయ్య చనిపోయిన రోజే వరంగల్ జైలు నుంచి హైదరాబాదు కోర్టుకు తీసుకొస్తున్న అయిదుగురు ముస్లిం విచారణ ఖైదీలను ఆలేరు దగ్గర పోలీసు వ్యానులోనే కాల్చి చంపారు. తుపాకులు లాక్కోబోయారని పోలీసులు చెప్పారు. బేడీలు వేసి సీట్లకు కట్టి ఉన్న శవాల ఫోటోలు మర్నాడు జనమంతా చూశారు. వాళ్ల చుట్టూ సాయుధ పోలీసులు 17 మంది. పోలీసులను చంపిన కేసులు కూడా వాళ్ల మీద ఉన్నాయి, నేరం చేశారో లేదో తేల్చే విచారణ ముగింపుకు వచ్చింది.  వాళ్ల మీద తీర్పు ఇక రాదు. రాష్ట్ర ప్రభుత్వం ప్రత్యేక దర్యాప్తు బృందం వేసింది. సూర్యాపేటలో కాల్చినవాళ్లకూ ఈ అయిదుగురికీ కలిసిన చోటు మతం ఒక్కటే అని ఆ రోజుల్లో మా బార్ అసోసియేషన్‌లో అంటే కొందరు మిత్రులు నాతో మాట్లాడటం మానేశారు.

"వాళ్లకే కదా" అనుకునేవాళ్లకు ఇంకో రెండు పేర్లు చెబుతాను. అమలాపురం నుంచి వెళ్లి ఢిల్లీలో ప్రొఫెసరైన జి.ఎన్. సాయిబాబా, చక్రాల కుర్చీ లేనిదే కదలలేని మనిషి. 2014లో ఉపా కింద అరెస్టయ్యారు. 2022లో బొంబాయి హైకోర్టు వదిలేస్తే మర్నాడే సుప్రీంకోర్టు ఆపింది. 2024 మార్చిలో మళ్లీ నిర్దోషి అని తేలింది. ఆ అక్టోబరులో హైదరాబాదు నిమ్స్‌లో చనిపోయారు. రెండోది, ములుగు జిల్లా తాడ్వాయి ఠాణాలో 2022లో నమోదైన ఉపా కేసు. అందులో ప్రొఫెసర్ హరగోపాల్ పేరుందని, మొత్తం 152 మంది పేర్లున్నాయని 2023 జూన్‌లో బయటికొచ్చింది. గోల జరిగాక కేసు ఎత్తేయమని ముఖ్యమంత్రి ఆదేశించారు. హరగోపాల్ గారి కోసం రాష్ట్రమంతా మాట్లాడింది, మాట్లాడాల్సిందే. అదే జాబితాలో ఉన్న ఊరూపేరూ తెలియనివాళ్ల కోసం ఎవరు ఫోను చేస్తారు? 2011 జనాభా లెక్కల్లో ముస్లింలు నూటికి 14 మంది. దేశంలోని విచారణ ఖైదీల్లో వాళ్ల వాటా ఐదో వంతుకు దగ్గరగా ఉంటోంది. ఫోను చేసేవాళ్లు లేని ఇళ్లు ఎక్కడున్నాయో ఆ తేడాలోనే కనిపిస్తుంది.

2024 జులై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. దాని 113వ సెక్షను ఉగ్రవాద చర్య గురించి. అందులోని నిర్వచనం చాలావరకు ఉపాలోదే. దొంగతనం, కొట్లాట, మోసం ఉన్న పుస్తకంలోనే ఇప్పుడు ఇదీ ఉంది. ఒక కేసును ఈ సెక్షను కింద నమోదు చేయాలా, ఉపా కింద చేయాలా అన్నది ఎస్పీ స్థాయికి తగ్గని అధికారి నిర్ణయిస్తారు. 1985లో రెండేళ్ల కోసమని వచ్చిన మాట నలభై ఏళ్లు తిరక్కముందే మామూలు శిక్షాస్మృతిలో ఒక సెక్షనుగా కూర్చుంది. దానికి పొడిగింపు అడగాల్సిన రోజు ఏ క్యాలెండరులోనూ లేదు. ఈ చట్టాలన్నిటికీ గడువు మళ్లీ పెట్టాలని, గడువు తీరినప్పుడల్లా శిక్షల లెక్క, విడుదలల లెక్క సభ ముందు పెట్టాలని నేను ఏ వేదిక దొరికినా అడుగుతున్నాను.

అది జరిగేలోగా, నా దగ్గరికి వచ్చే ఇళ్లవాళ్లకు నేను చెప్పేది ఇది. ఎవరినైనా తీసుకెళ్తే ఎందుకు అరెస్టు చేశారో కారణాలు రాతపూర్వకంగా ఇవ్వమని అడగండి. ఉపా కేసుల్లో కూడా అలా ఇచ్చి తీరాలని 2024 మే 15న ప్రబీర్ పుర్కాయస్థ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, ఇవ్వనందుకు ఆ అరెస్టే చెల్లదంది. 24 గంటల్లోపు మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. దెబ్బలుంటే ఆ మేజిస్ట్రేటుకే చూపించాలి, తర్వాత చూపిద్దాం అనుకోవద్దు. వకీలుకు డబ్బు లేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు అర్జీ పెడితే ఉచితంగా ఇస్తారు. తొంభయ్యో రోజు దగ్గర పడుతుంటే కాగితం మీద తేదీ రాసి గోడకు అంటించుకోండి. పోలీసులు గడువు పెంచమని కోర్టును అడిగితే నిందితుడిని కోర్టు ముందు ఉంచి, ఆ సంగతి అతనికి తెలియజేయాలని 2022లో జిగర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మాట మీ వకీలుకు గుర్తు చేయండి. గడువు పెరగకుండా, ఛార్జిషీటు పడకుండా తొంభయ్యో రోజు దాటితే మర్నాడు పొద్దున్నే కోర్టు తెరిచేసరికి బెయిలు పిటిషను చేతిలో పట్టుకుని నిలబడాలి. సాయంత్రం ఛార్జిషీటు పడిందంటే ఆ హక్కు ఇక అడగడానికి ఉండదు.